జగ్గమ్మ చేతి చేదు

ఒకప్పుడు గెడ్డపేటలో చలిజ్వరం వచ్చిన మనిషి ముందు దుప్పటి కప్పుకునేవాడు, ఆ తర్వాత జగ్గమ్మ గడప తొక్కేవాడు. జగ్గమ్మ పెరట్లోకి వెళ్ళి ఏదో నూరి, ఆ ముద్దని పిడికిట్లో మూసి తెచ్చేది. "నోరు తెరు" అనేది. అంతే. నాలుక మీద పడ్డాక మనిషికి కళ్ళు మూతలు పడి, ఒళ్ళు జలదరించి, తిడదామన్నా మాట పెగిలేది కాదు. అంత చేదు. ఇదేం ఆకని ఎవరైనా అడిగితే, "సేదాకు" అని ఊరుకునేది.

అసలు పేరు ఆమెకి తెలుసు. ఊరి పక్కన పారే గెడ్డ గట్టు మీద, ఈత పొదల నీడన మోకాలెత్తు పెరిగే నేలవేము అది. కానీ చేతి మందు ఇచ్చే మనిషి ఆకు పేరు పైకి పలకకూడదు. పలికితే మందు చచ్చిపోతుంది. మొక్కని వేరుతో పెకలించకూడదు, కొసలు తుంచుకుని మొదలు వదిలెయ్యాలి. కోసినదాన్ని పారెయ్యకూడదు, మిగిలితే నీడన ఆరబెట్టి దాచాలి. ఇవన్నీ ఆమె అత్త నారాయణమ్మ పెట్టిన కట్టుబాట్లు.

జగ్గమ్మ పుట్టింది నౌపడలో, ఉప్పు మళ్ళ పక్కన. కోటబొమ్మాళి దగ్గరున్న ఈ పల్లెకి కోడలిగా వచ్చిన మొదటి వానాకాలమే చలిజ్వరం పట్టుకుంది. మంచం కోళ్ళు నేల మీద టకటకలాడేలా వణికింది. అప్పుడు అత్త పిడికిలి మూసి తెచ్చి, నోట్లో ఆ ముద్ద పెట్టి, జ్వరం దిగేదాకా తల దగ్గర కూర్చుంది. ఆ ఇంట్లో తన ఒక్కదాని కోసం ఎవరైనా చేసిన మొదటి పని అదే. అందుకే ఆ చేదు ఆమెకి తీపి. ముసలామె పోయేముందు జగ్గమ్మ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "ఇంటికి ఒక్కటే సెయ్యి" అంది. ఆనాటి నుంచి మందు చెయ్యి జగ్గమ్మది.

నారాయణమ్మ చిన్నకోడలు, గోడ అవతలి ఇంట్లో ఉండే ఈశ్వరికి ఆ చెయ్యి రాలేదు. రాకపోతే ఆమెకి లోటేమీ లేదు. ఈశ్వరికి మేకలున్నాయి. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసి సెలవులకి బొబ్బట్లు కొనుక్కొచ్చే మొగుడు లక్ష్ముడున్నాడు. నలుగురినీ పోగేసుకునే నోరుంది. ఆమె నవ్విందంటే వీధి చివరి వాళ్ళు కూడా ఏమిటేమిటని తొంగి చూస్తారు. జగ్గమ్మకి నవ్వు రాదు, పాట రాదు, పిల్లలు పుట్టలేదు. ఆమెకి చెయ్యి ఉంది.

ఆ చేతికి ఈమధ్య పని తగ్గింది. ఆశా కార్యకర్త శైలజ వేలు మీద పొడిచి, నెత్తురు చుక్క పట్టీ మీద వేసి, గీత చూసి మలేరియా అవునో కాదో అక్కడికక్కడే చెప్పేస్తోంది. బిళ్ళలిస్తోంది. జగ్గమ్మ దాన్నేమీ కాదనలేదు. చేదుకి లొంగని జ్వరాలు ఆమె కళ్ళారా చూసింది. "ముందల శైలజకి వేలు సూపించి రండి" అని తనే పంపేది. బిళ్ళలు మింగాక కూడా కొందరు పాత అలవాటు కొద్దీ వచ్చి నోరు తెరిచి కూర్చునేవారు. ఆ నోళ్ళ మీదే ఆమె బతుకు నడిచేది. బువ్వ మాట కాదు, మనసు మాట.

అలాంటి రోజుల్లో అరుణశ్రీ వచ్చింది. విజయనగరం వైపు పిల్ల, విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. జ్వరానికి వాడే మొక్కల్ని ఊరూరా తిరిగి పోగు చేస్తోంది. ఎవరిని అడిగినా జగ్గమ్మ ఇల్లే చూపించారు.

"ఇప్పుడిచ్చే మలేరియా బిళ్ళల్లో ఒక మందు ఎక్కడో చైనాలో ఒక మొక్కలోంచే బయటపడింది పెద్దమ్మా" అని అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. "అంతకు ముందు మందు ఒక చెట్టు బెరడులోంచి. ఆ మలేరియా పురుగు గడుసుది. మందుకి అలవాటు పడిపోతుంది. అందుకే మేం కొత్త మొక్కలు వెతుకుతున్నాం. మీరిచ్చేది కూడా చూద్దామని వచ్చాను."

జగ్గమ్మ లోపల పొంగిపోయింది. పట్నం పిల్ల తన చెయ్యి వెతుక్కుంటూ వచ్చింది! పెరట్లోకి వెళ్ళి, మామూలుకంటే మెత్తగా నూరి, పిడికిలి మూసి తెచ్చింది.

"నోరు తెరు పాపా."

అరుణశ్రీ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. ముద్ద లోపల పడింది. పాపం ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. చెంబెడు నీళ్ళు తాగాక గానీ గొంతు రాలేదు.

"పెద్దమ్మా, నా నోటికి కాదు. సీసాకి కావాలి. మొక్క చూపించండి, పువ్వుతో, పేరుతో. పేరు తెలియని ముద్దని తీసుకెళ్తే అక్కడ ఎవరూ ముట్టుకోరు."

"పేరు సెప్పకూడదు. కావాలంటే ఇంకో ముద్ద కట్టిత్తాను, అట్టుకెల్లు."

అరుణశ్రీ బతిమాలింది. జగ్గమ్మ తల అడ్డంగా ఊపింది. సరిగ్గా అప్పుడు గోడ అవతల మేకల్ని అదిలిస్తున్న ఈశ్వరి తల పైకెత్తింది.

"ఓలమ్మా! దీనికింత గొడవేటి? నేలవేము మేడమ్ అది! గెడ్డ గట్టు మీద ఎంత కావలిస్తే అంత ఉన్నాది. నా మేకలు సీరలు కూడా నమిలేత్తాయి గానీ దాని మీద మూతి ఎట్టవు. రండి, నాను సూపిత్తాను."

ఆ పేరు పగటి పూట, వీధిలో, అంత గట్టిగా వినబడటం జగ్గమ్మకి నడిబజారులో ఎవరో తన కొంగు లాగినట్టు అయింది. అరుణశ్రీ లేచి దణ్ణం పెట్టి ఈశ్వరి వెంట వెళ్ళిపోయింది. గట్టు మీద ఈశ్వరి మొక్క పట్టుకుని నిలబడితే ఫోటో తీసింది. కొమ్మలు కోసి కాగితాల మధ్య పెట్టుకుంది.

సాయంత్రం జగ్గమ్మ గోడ దగ్గర నిలబడింది.

"ఏటే, అత్త మాట గాలికి ఒగ్గేసినావా? పేరు సెప్తే మందు సచ్చిపోద్దని తెలీదా నీకు?"

"అత్త ఆ ఒట్టు నీకు ఎట్టింది గానీ నాకు ఎట్టలేదు గదక్కా" అంది ఈశ్వరి, మేకకి పాలు పిండుతూనే. "నాకేటి ఇచ్చింది గనక, నాకు ఒట్టుండడానికి?"

జగ్గమ్మ వెనక్కి తిరిగి తన ఇంట్లోకి వచ్చేసింది. ఆ మాట ముల్లులా కాల్లో ఉండిపోయింది.

కొన్నాళ్ళకి అరుణశ్రీ ఈశ్వరికి ఫోను చేసింది. గాజు పళ్ళెంలో మనిషి నెత్తురు పోసి, అందులో పెంచిన మలేరియా పురుగు మీద ఆ ఆకు సారం వేస్తే, పురుగు పెరగడం తగ్గిందట. "అలాగని ఇది మందైపోలేదు పిన్నీ" అని ఆ పిల్ల గట్టిగానే చెప్పింది. "గాజులో జరిగింది ఒంట్లో జరగాలని లేదు. ఇంకా ఏళ్ళ పని. జ్వరమొస్తే పరీక్షే, బిళ్ళలే." ఈశ్వరి ఫోను అందరికీ వినబడేలా పెట్టింది. ఊరు మొదటి సగం విని, రెండో సగానికి లేచి కేకలేసింది. గెడ్డపేట ఆకు మలేరియాని చంపేసిందని తెల్లారేసరికి కోటబొమ్మాళి దాకా పాకింది.

ఈశ్వరిని విశాఖపట్నం పిలిచారు. సభ చేసి సాలువా కప్పారు. ఆమె తిరిగొచ్చి వీధి అరుగు మీద కూర్చుని కథలు చెప్పింది. చుట్టూ జనం. జగ్గమ్మ తన గుమ్మంలో బియ్యం చేటలో రాళ్ళు ఏరుతున్నట్టు కూర్చుంది గానీ, ఒక్క రాయీ ఏరలేదు.

"గొట్టం లాంటి దాంట్లోంచి సూడమన్నారు" అంటోంది ఈశ్వరి. "సూసినాను గదా, నెత్తురంతా గుండ్రాలు గుండ్రాలు. ఆ గుండ్రాల్లో సిన్న సిన్న ఉంగరాలు! ఊదారంగు రాయి పొదిగినట్టు. ఇదేటి పాపా ఇంత ముచ్చటగా ఉన్నాదంటే, అదే పిన్నీ మలేరియా పురుగు అంది."

జగ్గమ్మ చేతిలో చేట కదిలింది. పెళ్ళయి వచ్చిన ఏడు తన ఒంట్లో దూరి మంచాన్ని ఆడించింది అది. ఎన్ని నోళ్ళు తెరిపించి, ఎన్ని ముద్దలు పెట్టి తను దాంతో పోరాడింది! దాని ముఖం ఈశ్వరి చూసింది. మేకలు కాచుకునే ఈశ్వరి.

ఆనాటి నుంచి ఆమెకి ఈశ్వరి చేసే ప్రతి పనీ కంట్లో నలుసే. సాలువా ఉతికి వీధి గోడ మీద ఆరేస్తే, "ఉతికిందే ఉతికితే సాలువా కాస్తా గావంచా అయిపోద్ది" అని మొగుడితో అంది. పంచాయతీ గోడకి ఫోటో అతికించారు. మొక్క పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. అటు వెళ్ళాల్సి వస్తే జగ్గమ్మ చుట్టూ తిరిగి వెళ్ళేది. పిల్లలు 'నేలవేము పిన్ని' అని పిలుస్తుంటే చెవులు మూసుకునేది. తను ఒక్కసారైనా పలకని పేరు, ఊరి నోళ్ళలో బఠాణీల్లా నలుగుతోంది.

"కుళ్ళుకుంటన్నావే" అన్నాడు ఆమె మొగుడు చినబాబు, బీడీ ముట్టించుకుంటూ. "అంత కడుపుమంటగా ఉంటే ఆ ముద్ద నువ్వే ఒకటి మింగరాదా?"

"నాకేటి కుళ్ళు? దాని బతుక్కి నాను కుళ్ళుకోడమేటి?"

"మరి సారులో ఉప్పు రెండుసార్లు ఎందుకేసినావు?"

వరి పొట్ట మీదుండగా అరుణశ్రీ మళ్ళీ ఫోను చేసింది. ఈశ్వరి ఫోను ఎప్పుడూ ఊరందరి కోసమే మోగుతుంది కాబట్టి గోడ ఇవతలకి కూడా వినబడింది. మొదటిసారి వచ్చిన ఫలితం నిజమో కాదో తేలాలంటే అదే గట్టు మీది మొక్కలు మళ్ళీ కావాలట. ఈసారి వేళ్ళతో సహా, ఎందుకంటే వేళ్ళలో ఉండే సరుకు వేరే, అది కూడా చూడాలి. పూతా కాయా ఉన్నప్పుడే కావాలి. వచ్చే వారం వస్తానంది.

"రా పాపా, గట్టు గట్టంతా నీదే" అంది ఈశ్వరి.

గట్టు నీదా! జగ్గమ్మ ఆ మాటని రెండు రోజులు నమిలింది. సంత రోజు మధ్యాహ్నం ఊరు సగం ఖాళీ అయింది. ఈశ్వరి మేకపోతుని తోలుకుని సంతకి పోయింది. జగ్గమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని గట్టెక్కింది.

మొదటి మొక్క మొదలు పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఒక్క వేరు పెకలించిన చెయ్యి కాదు అది. చిన్న చిన్న తెల్లని పువ్వులు, పెదవి మీద ఊదా చార. నిటారుగా నిలబడ్డ సన్నటి కాయలు. "నాకు లేకపోతే దానికీ లేదు" అనుకుంది. లాగింది. తడి నేల, మెత్తగా వచ్చేసింది. ఆ తర్వాత ఆగలేదు. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పీకేసింది.

సంచి నిండాక గెడ్డ ఒడ్డుకి వెళ్ళింది. నీళ్ళలో బోర్లించేస్తే కాకరాపల్లి దాకా కొట్టుకుపోతుంది, ఎవరికీ తెలీదు. సంచి మూతి విప్పింది. విప్పి నిలబడింది. కోసినదాన్ని పారెయ్యకూడదు. ఒక కట్టుబాటు తెంచిన చెయ్యి రెండోదాన్ని తెంచలేకపోయింది. సంచి మూతి కట్టి ఇంటికే తెచ్చింది. వేళ్ళ మట్టి దులిపి, పిడికెడు పిడికెడు కట్టలు కట్టి, వెనక గదిలో వాసాలకి తలకిందులుగా వేలాడదీసి, తలుపు గొళ్ళెం పెట్టింది.

ఆ రాత్రి చినబాబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "ఏటే, అన్నం సేదుగా ఉన్నాది?"

ఎంత కడిగినా నేలవేము చేతిని అంత తొందరగా వదలదు. ముట్టుకున్న గిన్నే, పిసికిన పిండీ, ఇచ్చిన నీళ్ళూ అన్నీ చేదే. జగ్గమ్మ చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది. రోజూ ఉదయం బూజు పట్టకుండా కట్టల్ని తిప్పాలి కదా, మళ్ళీ చేదే.

అరుణశ్రీ వచ్చిన రోజు ఈశ్వరి సాలువా వేసుకుని మరీ జగ్గమ్మ గుమ్మం ముందు నుంచి ఆమెని గట్టుకి తీసుకెళ్ళింది. జగ్గమ్మ తలుపు వార నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు మాటలు వినబడ్డాయి. వచ్చేటప్పుడు వినబడలేదు. ఈశ్వరి ముఖం నెత్తురు లేనట్టుంది. సాలువా తీసి చంకలో పెట్టుకుంది.

"గుంటలు తప్ప ఏటీ లేవక్కా" అంది గుమ్మంలో కూలబడుతూ. "మేకలు మూతెట్టవు గదా. ఎవులు పీకేసినారో!"

అరుణశ్రీ గోడకి ఆనుకుంది. "ఈ పూతకాలం పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. మొదటిసారి వచ్చింది నిజమో కాదో తేలకపోతే, మా దగ్గర ఈ మొక్కని పక్కన పెట్టేస్తారు పెద్దమ్మా. ఇక చూడరు."

పక్కన పెట్టేస్తారు. జగ్గమ్మ ఆ మాట అనుకోలేదు. ఈశ్వరి పేరు పోతుందనుకుంది గానీ, అత్త ఆకు పోతుందని అనుకోలేదు.

ఏం చెయ్యాలో తోచక లోపలికెళ్ళి ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. అరుణశ్రీ గటగటా తాగేసి ముఖం చిట్లించి, బాగున్నట్టు తల ఊపింది. ఈశ్వరి ఒక గుక్క తాగి గ్లాసు కిందకి దించింది. గ్లాసు అంచు నాలుకతో తడిమింది. తర్వాత తోడికోడలి చేతుల వంక చూసింది, వెనక గది గొళ్ళెం వంక చూసింది.

జగ్గమ్మ ఆ తలుపుకి అడ్డంగా జరిగింది. ఇప్పుడు కేకేస్తుంది. వీధంతా వస్తుంది.

"ఓసోస్, మరిసిపోనాను!" అంది ఈశ్వరి, తొడ మీద చరుచుకుని. "మా అక్క ముందే కోసి ఆరేసింది మేడమ్. వానొస్తే కాయంతా రాలిపోద్దని. వేళ్ళతోటే. ఏం అక్కా? తలుపు తియ్యవే."

జగ్గమ్మ తలుపు తీసింది. ఎండ పెంకు సందుల్లోంచి పడుతుంటే వాసాల నిండా కట్టలు, ఆకు రంగు చెడకుండా, వేరు విరగకుండా. కింద పరిచిన గోనె మీద పగిలిన కాయల గింజలు ఆవాల్లా రాలి ఉన్నాయి. అరుణశ్రీ లోపలికి అడుగు పెట్టి చేతులు జోడించినంత పని చేసింది.

జగ్గమ్మకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది. దీనికి నవ్వుంది, మేకలున్నాయి, సాలువా ఉంది, ఇప్పుడు ఈ మంచితనం కూడానా? ఇంత మంచితనం దీనికెవరు పెట్టి పుట్టించారు? కడుపులో మంట అణగలేదు సరికదా, కొత్త పుల్లేదో ఎగదోసినట్టయింది.

అరుణశ్రీ కట్టలకి అట్టముక్కలు కడుతోంది. ఎక్కడ పెరిగింది, ఎప్పుడు కోశారు, అన్నీ దాని మీద రాసుకోవాలి.

"కోసినవాళ్ళు?"

"జగ్గమ్మ" అంది జగ్గమ్మ. తన పేరు అట్ట మీద పడటం చూసింది. చదవడం రాదు గానీ, అక్షరాలు నల్లగా, పొడుగ్గా, బాగున్నాయి.

"ఊళ్ళో ఈ మొక్కని ఏమంటారో ఆ పేరు కూడా కోసినవాళ్ళ నోటితోనే చెప్పాలి పెద్దమ్మా."

జగ్గమ్మ నోరు తెరిచింది. ఒక్క మాట. ఊరంతా అరిచిన మాటే. అది పలికితే అట్ట ముక్క మొత్తం తనదే అవుతుంది, ఈశ్వరికి చోటుండదు. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. అత్త రెండు చేతుల వెచ్చదనం దాని మీద ఇంకా ఉన్నట్టే ఉంది. పలికితే ఈ చెయ్యి మామూలు చెయ్యి. పెదవులు కదిలాయి.

"అక్కా, ఒద్దు!" ఈశ్వరి ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు పలక్కు. ఒట్టు నీది. నాకు ఒట్టు లేదు గదా, నాను సెప్తాను. మేడమ్, కోసింది మా అక్క, పేరు సెప్పింది నాను. ఇద్దరివీ రాసుకో. నేలవేము."

అరుణశ్రీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఇద్దరి పేర్లూ రాసింది.

"ఎవులిది పైన రాసినావు?" అంది జగ్గమ్మ.

"కోసినవాళ్ళదే పైన, పెద్దమ్మా."

జగ్గమ్మ తల ఊపి, మజ్జిగ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళింది. ఆ సాయంత్రం గింజలన్నీ ఊడ్చి గుడ్డలో మూటకట్టి, గోడ మీద నుంచి సగం ఈశ్వరికిచ్చింది. "తొలకరికి గట్టు మీద నీ వైపు నువ్వు జల్లుకో" అంది. సగమని ఇచ్చింది గానీ, నిజానికి సగానికి కాస్త తక్కువే.

ఆ ఏడు చివర్లో, రెండోసారీ అదే ఫలితం వచ్చిందని, విశాఖపట్నం నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది. జగ్గమ్మ రైల్లో దారంతా కిటికీ పక్కన తనే కూర్చుంది. అరుణశ్రీ ఆమెని గొట్టం ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమంది. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత గుండ్రాలు తేలాయి. గుండ్రాల్లో ఉంగరాలు, ఊదారంగు రాయి పొదిగినట్టు.

చాలాసేపు కదలకుండా చూసింది. ఇంత చిన్నదా తన మంచాన్ని అంతగా ఆడించింది? దీని కోసమేనా అన్ని నోళ్ళు తెరిపించింది? కంటి నుంచి ఒక చుక్క గొట్టం అంచు మీద పడింది. అరుణశ్రీ మెల్లగా తుడిచింది.

వెనక ఈశ్వరి ఆరాటంగా అడిగింది. "కనబడిందేటక్కా? కనబడిందా?"

జగ్గమ్మ కన్ను తియ్యకుండానే అరుణశ్రీ కొంగు పట్టుకుని దగ్గరికి లాగి, గొంతు తగ్గించింది.

"పాపా, నిజం సెప్పు. దానికి సూపించింది ఇదేనా? ఇంకా పెద్దది ఏటీ సూపించలేదు గదా?"